మార్తా తిప్ప దగ్గర మునగని ఓడ

సాండ్విక్ రేవు,
ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు ఐవర్‌కి,

అక్క రాగ్న నిండు మనసుతో దీవించి రాసేది. ఇక్కడ నేను, నా రెండు మోకాళ్ళు, పొయ్యి పక్కన పడుకునే ముసలి పిల్లి అందరం ఉన్నంతలో కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు లోరెయిన్, పిల్లలు, మనవలు చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా అన్నానని నవ్వకు. మీ ఆరిజోనా ఎండలో ఆ మాట ఎవరూ వాడరని నాకూ తెలుసు.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందే జవాబులు చెప్పేస్తాను, లేకపోతే కోపంలో పడి మర్చిపోతాను. మోకాలికి డాక్టరు ఆపరేషన్ అంటాడు, నేను వద్దంటాను, ఇద్దరం అక్కడే ఆగాం. ఇంటి కప్పు కారడం లేదు. ఎడ్నా అల్లుడు వచ్చి రేకు మార్చి, కాఫీ తాగి, నా బ్రెడ్డు సగం తినిపోయాడు. ఇక నేను పంపిన పొగబెట్టిన చేపలు దారిలో పాడైపోయాయని రాశావు. పాడవలేదురా, వాటి వాసనే అంత. లోరెయిన్‌కి మన సరస్సు చేపలు తెలియవు కాబట్టి పారేసిందంటే అర్థం చేసుకుంటాను. నువ్వు కూడా ఆ వాసన మర్చిపోయావంటేనే కష్టంగా ఉంది.

ఇప్పుడు నేను పేపర్లోంచి కత్తిరించి పంపిన ప్రకటన సంగతి. దానికి నువ్వు రాసిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది. "వదిలెయ్ అక్కా. ఊరందరికీ తెలిసిందే కదా. ఆయన తాగేవాడు, పడిపోయాడు. ఇప్పుడెవడో దాన్ని చూపించి బతుకుతుంటే మనకేం పోయింది?" అన్నావు. ఏం పోయిందా? ఆ వాక్యం చదువుతూ ఉంటే పొయ్యి మీద కాఫీ పొంగి, మాడి, ఇల్లంతా కమురు కంపు కొట్టింది. అప్పటికిగానీ నాకు ఒంటి మీద స్పృహ రాలేదు. మన నాన్న పేరు పోయిందిరా, పెద్దమనిషీ! నీకది చిన్న విషయమైతే నాకు కాదు.

నువ్వు ఇటు వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను. డ్వేన్ పికెట్ అని ఒకడు వసంతంలో ఇక్కడికి దిగాడు. చేపలు పట్టే పాత టగ్గు పడవ ఒకటి కొని, దానికి నల్లరంగు కొట్టించి, లోపల బెంచీలు వేయించి, "మార్తా తిప్ప దెయ్యాల యాత్ర" అని బోర్డు పెట్టాడు. బోర్డు మీద మన లైట్‌హౌస్ బొమ్మ. దీపం గది చుట్టూ ఉండే నడవ మీద ఒక ఎముకల గూడు, దాని చేతిలో సీసా. కింద ఎర్ర అక్షరాలతో "తాగుబోతు కీపర్ బ్రెక్కె" అని మన ఇంటిపేరు. అదే బొమ్మ పోస్టాఫీసు కిటికీలోనూ అంటించారు. నీకు రాసే ప్రతి ఉత్తరమూ నేను ఆ ఎముకల గూడు కిందే నిలబడి డబ్బాలో వేస్తూ వచ్చాను.

మొదట పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తల ఊపి, "వ్యాపారం కదమ్మా, ఊరికి నలుగురొస్తున్నారు" అన్నాడు. ఎడ్నాతో చెప్పాను. ఎడ్నా నీకు తెలుసుగా, దానికి లోపలొకటి బయటొకటి ఉండదు. "టిక్కెట్టు కొని ఎక్కి చూడవే. ఏం వాగుతున్నాడో వినకుండా ఎవర్ని తిడతావు?" అంది. అది నిజమే కదా అనిపించింది. జులైలో ఒక మధ్యాహ్నం ఇద్దరం మంచి గౌన్లు వేసుకుని, చర్చికి వెళ్ళేటట్టు వెళ్ళి, ఆ నల్ల టగ్గు ఎక్కాం.

గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. నేను చిన్నప్పుడు అమ్మతో ఆఖరిసారి వెళ్ళాక మళ్ళీ తిప్ప దాకా వెళ్ళలేదు. ఒడ్డు సన్నటి గీతలా అయిపోయాక, ఎదురుగా నీళ్ళలోంచి ఆ రాతిస్తంభం లేచింది. మనుషులు లేరు, కాపలా లేదు. దీపం దానంతటదే వెలిగి, దానంతటదే ఆరిపోతుందట. నడవంతా సీగల్సు రెట్టలు. నాన్న ఇత్తడి తోమితే అందులో మొహం కనపడేదని అమ్మ చెప్పేది. ఆ రెట్టలు చూసినప్పుడే నాకు సగం మండింది.

మిగతా సగం డ్వేన్ మైకు పట్టుకున్నాక మండింది.

"లేడీస్ అండ్ జెంటిల్‌మెన్! ఇదే ఆ శాపం తగిలిన తిప్ప! ఇక్కడే ఒక డిసెంబరు తుఫానులో, తప్పతాగి పడున్న కీపర్ బ్రెక్కె దీపం వెలిగించడం మర్చిపోయాడు! పెళ్ళివారితో వస్తున్న ఓడ తిన్నగా వచ్చి ఈ రాళ్ళకి కొట్టుకుంది! తెల్లగౌనుతో పెళ్ళికూతురు నీళ్ళలోకి జారిపోతుంటే, పైనుంచి చూసిన కీపర్ పిచ్చెక్కి దూకేశాడు! ఇప్పటికీ సీసా పట్టుకుని ఆ పిల్లని వెతుకుతూ తిరుగుతున్నాడు!"

పెళ్ళికూతురట! డిసెంబరులో మన సరస్సు మీద పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని వచ్చే ఓడ ఏదిరా? ఆ రోజుల్లో తిరిగేవి ఇనుపరాయి ఓడలు, గోధుమల ఓడలు. వాటిలో ఉండేది బొగ్గుమసి మొహాల మగాళ్ళు. పక్కనున్న ఆవిడ "అయ్యో పాపం" అని ముక్కు చీదింది. ఎవరి కోసం? పుట్టని, చావని ఆ పెళ్ళికూతురి కోసం!

ఎడ్నా నా చెయ్యి పట్టుకుంది. "కూచో రాగ్నా, మోకాలు" అంది. నా మోకాలు ఎక్కడుందో నాకే తెలియలేదు.

"ఆపవయ్యా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఇంజను దగ్గరున్నవాడు ఇంజను ఆపేశాడు.

"ఏవండీ మామ్మగారూ, వాంతి వస్తోందా?" అన్నాడు డ్వేన్.

"నీ మాటలు వింటే రాదా మరి? ఆ కీపరు మా నాన్న. తోర్‌స్టైన్ బ్రెక్కె. ఆయన ఉన్నంతకాలం ఈ తిప్ప మీద ఒక్క ఓడ మునగలేదు. ఒక్క పెళ్ళికూతురు చావలేదు. ఆయన చర్చిలో బల్లారాధన రోజు ద్రాక్షరసం పెదవులకి తాకించి వదిలేసే మనిషి. ఆయన చేతికి సీసా ఇచ్చావా నువ్వు? ఇటివ్వు ఆ మైకు!"

ఇచ్చాడు. భయపడి ఇచ్చాడో, సరదాపడి ఇచ్చాడో నాకు తెలియదు. అప్పుడు చెప్పాను. అమ్మ ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేది కాదు, నీకు గుర్తుందిగా. ఇన్నేళ్ళుగా గొంతులో కుక్కుకున్నదంతా ఆ ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు కక్కేశాను. నీకు కూడా ఇదే మొదటిసారి కాబట్టి వాళ్ళకి చెప్పినట్టే రాస్తున్నాను.

మన తాతలు నార్వే నుంచి రాకముందు ఈ తిప్ప మీద ఇక్కడి ఆదివాసులు, ఒడావా తెగవాళ్ళు చేపలు పట్టేవారు. వాళ్ళు దానికి దీపం అడగలేదు, ఎందుకంటే నడుము లోతు నీళ్ళ కింద రాయి ఉందని తెలిసిన చోటికి పెద్ద ఓడ తోలే తెలివి వాళ్ళకి లేదు. ఆ తెలివి మనవాళ్ళు తెచ్చారు. మార్తా అనే తెరచాప ఓడ మొదట విరిగింది, ఆ పేరే తిప్పకి మిగిలింది. ఆ తర్వాత ఏటేటా విరుగుతూనే ఉన్నాయి. ఇది సముద్రం కాదు, ఉత్త సరస్సే కదా, ఇక్కడ లైట్‌హౌస్ ఎందుకని పైవాళ్ళు చాలాకాలం నవ్వారట. నవ్వేవాళ్ళలో ఒక్కడూ నవంబరులో మిచిగన్ సరస్సు మీద కాలు పెట్టలేదు. సముద్రపు అల పడవని ఎత్తి దించుతుంది. మన అలకి అంత ఓపిక లేదు. ఒకటి కొట్టి తేరుకునేలోపల రెండోది కొడుతుంది.

ముందు ఒక దీపపు ఓడని లంగరు వేసి పెట్టారు. మంచు గడ్డలు దాన్ని ఈడ్చుకుపోయాయి. అప్పుడుగాని డబ్బు రాలలేదు. మన రేవులోనే దూలాలతో ఇల్లంత పెట్టె కట్టారు. మన తాత ఆ వడ్రంగుల్లో ఒకడు. దాన్ని టగ్గులతో లాక్కుపోయి, తిప్ప మీద నిలబెట్టి, లోపల రాళ్ళు నింపాలి. రాళ్ళు సగం నిండేసరికి గాలి లేచి పెట్టెని ముక్కలు చేసింది. తాతావాళ్ళు దుంగలు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చారు. మరుసటి వేసవిలో మళ్ళీ కట్టారు. దాని మీద రాయి మీద రాయి పేర్చి స్తంభం లేపారు. ఇంత చరిత్ర ఉన్న దానికి డ్వేన్ గాడికి పెళ్ళికూతురు కావలసి వచ్చింది!

ఇక నాన్న పోయిన డిసెంబరు. ఆఖరి ఓడలు ఇంకా వెళ్తుండగానే తుఫాను పట్టుకుంది. ఎగిరిన నీటి తుంపర దీపం గది అద్దాల మీద పడ్డది పడ్డట్టు గడ్డకడుతుంది. అద్దం మూసుకుపోతే లోపల ఎంత దీపం వెలిగితే ఏం లాభం? అందుకని కీపర్లు బయటి నడవ మీదికి వెళ్ళి, మంచు గీకి, మళ్ళీ పట్టకుండా గ్లిసరిన్ పూస్తారు. ఆ ఏడు ఆఖరి సరఫరా పడవ రాలేదు. సీజను అయిపోవస్తోంది, దండగ అని ఆఫీసువాళ్ళు ఆపేశారు. గ్లిసరిన్ అయిపోయింది. లోపలి గాజు తుడవడానికిచ్చే స్పిరిట్ డబ్బాలు మాత్రం ఉన్నాయి. నాన్న ఆ స్పిరిట్ తీసుకుని బయటికి వెళ్ళాడు. గుడ్డ తడపడం, తుడవడం, చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదటి అద్దం మళ్ళీ మూసుకుపోవడం, మళ్ళీ తుడవడం. అసిస్టెంటు ఎమిల్ లుండ్ కింద, ఓడలకి కూత వేసే బాయిలరు దగ్గర ఉన్నాడు. గాలికి స్పిరిట్ నాన్న ఛాతీ మీద, చేతుల మీద చిందింది. తుఫాను తగ్గేముందు ఎప్పుడో జారి, స్తంభం అడుగునున్న ఆ రాళ్ళ పెట్టె మీద పడ్డాడు. ఆ తుఫానులో మూడు ఓడలు తిప్పని తప్పుకుని వెళ్ళాయని ఎమిల్ చెప్పాడు. ఆ ఓడలవాళ్ళకి దీపం కనపడబట్టే తప్పుకున్నారు.

విచారణకి వచ్చిన దొర శవం దగ్గర ముక్కు మూసుకున్నాడు. కోటు స్పిరిట్ కంపు కొడుతోంది, నడవ మీద ఖాళీ డబ్బాలున్నాయి. ఇంకేం, తాగి పడిపోయాడన్నాడు. గ్లిసరిన్ లేదని ఎమిల్ చెప్పబోతే, సరఫరా సంగతి నిన్నెవడూ అడగలేదని నోరు మూయించాడు. గ్లిసరిన్ పంపలేదని ఒప్పుకుంటే తప్పు వాళ్ళ ఆఫీసుదవుతుంది. తాగాడంటే తప్పు చచ్చినవాడిదవుతుంది. చచ్చినవాడు ఎదురు మాట్లాడడు కదా.

నాన్నని ఇంటికి తెచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఐవర్. నువ్వు అమ్మ కడుపులో ఉన్నావు. అమ్మ ముందు ఆయన నోటి దగ్గర వంగి వాసన చూసింది. తర్వాత చేతి తొడుగులు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తను అల్లిన నీలం తొడుగులే, రంగంతా కారిపోయి ఉన్నాయి. వాటిని తీసుకుని ఆ బరువు కడుపుతో దొర దగ్గరికి నడిచింది. బల్ల మీద పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో, "తాగినవాడి నోరు కంపు కొడుతుంది, చేతులు కొట్టవు" అంది. దొర తొడుగుల్ని పెన్సిలు కొనతో పక్కకి తోశాడు. చేత్తో తాకలేదు, పెన్సిలుతో తోశాడు. ఆ పెన్సిలు గుర్తొస్తే ఈ వయసులో కూడా నా పళ్ళు పటపటమంటాయి. పెన్షను ఇవ్వలేదు. అమ్మ చేపల షెడ్డులో కత్తి పట్టింది. ఆమె వేళ్ళు ఎలా ఉండేవో నీకు గుర్తుండే ఉంటుంది.

పడవలో ఇదంతా చెప్పి, రొప్పుతూ ఆగాను. ఏం జరిగిందనుకున్నావు? చప్పట్లు! అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కూడా ఆటలో భాగమనుకున్నారు! ఒకావిడ వచ్చి, "ఎంత బాగా ఏడ్చారండీ, నిజంగా కూతురేమో అనిపించింది" అంది. నీళ్ళలోకి తోసేద్దామనిపించింది. ఎడ్నా అడ్డం పడి నన్ను బెంచీ మీద కూలేసింది.

మర్నాడు డ్వేన్ చెర్రీపళ్ళ తీపిరొట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మామ్మగారూ, ఏం చెప్పారండీ! నాకే ఒళ్ళు జలదరించింది. శనివారం శనివారం వస్తారా?"

"గడప దిగు ముందు."

"దిగుతానండీ. కానీ వినండి. నాకు తెలిసి చేసింది కాదు. ఈ ఊళ్ళో ఎవర్నడిగినా తాగుబోతనే చెప్పారు. పెళ్ళికూతురొక్కతే నాది."

వాడు చెప్పింది నిజం. ఊరు చెప్పింది కాబట్టే వాడు బొమ్మ వేశాడు. చర్చిలో పక్కపక్కన కూచుని కీర్తనలు పాడే ఊరు, మనింటి బ్రెడ్డు తిన్న ఊరు! ఎమిల్ బతికినన్నాళ్ళూ చెప్తూనే ఉన్నాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. తాగి పడ్డాడంటే వినడానికి రుచిగా ఉంటుంది. అద్దం తుడుస్తూ పడ్డాడంటే ఎవరికి కావాలి?

అయితే ఆ తీపిరొట్టె సాక్షిగా బేరం మొదలైంది. సీసా తీసెయ్యాలన్నాను. తీసేస్తానన్నాడు. పెళ్ళికూతురు పోవాలన్నాను. మూలిగాడు గాని ఒప్పుకున్నాడు. బోర్డు మీద మన ఇంటిపేరు చెరిపెయ్యమన్నాను.

"అన్నీ తీసేస్తే ఎలాగండీ? దెయ్యాల యాత్ర అని పేరు పెట్టాను. కనీసం ఒక్క దెయ్యమైనా వదలండి."

"దెయ్యమే కావాలా?"

"ఒక్కటంటే ఒక్కటి, మామ్మగారూ. పిల్లా జెల్లా ఉన్నవాణ్ణి."

"అయితే ఆ విచారణ దొరని పెట్టుకో. పెన్సిలు పట్టుకుని, గ్లిసరిన్ డబ్బా దొరక్క తిప్ప చుట్టూ తిరుగుతున్నాడని చెప్పు."

వాడు బల్ల మీద చరిచి నవ్వాడు. ఇప్పుడు బోర్డు మీద ఎముకల గూటికి టై కట్టి, చేతిలో పెన్సిలు పెట్టారు. జనం విరగబడి వస్తున్నారు. రేవులో ఎవరైనా పనికి ఎగనామం పెడితే, "గ్లిసరిన్ వెతుక్కుంటున్నావా?" అని అడగడం కూడా మొదలైంది. నాకు దాంతో కడుపు నిండిందని చెప్పను గాని, కొంచెం చల్లబడిందని ఒప్పుకుంటాను.

కాబట్టి నీకు ఇప్పటిదాకా దాచింది చెప్తున్నాను. మీ అక్క ఈ వయసులో వేషం కట్టింది. జులై నుంచి ప్రతి శనివారం అమ్మ నల్లశాలువా కప్పుకుని, డ్వేన్ భార్య నా పెదాలకి రాసిన రంగుతో, మైకు పట్టుకుని నాన్న కథ చెప్తున్నాను. టీవీలో చూపించారని లోరెయిన్ చెల్లెలు ఎడ్నాకి ఫోను చేసి నవ్విందట. నవ్వనీ. నేను కూతుర్నంటే ఎవరూ నమ్మరు, వేషమంటేనే నమ్ముతారు. అయితే వేషమే అనుకోండి అన్నాను. "నాన్న" అన్న మాట గట్టిగా, నోరారా అనగలిగింది నాకు ఆ పడవ మీదే.

ఇక అసలు మాట. ఇంతసేపు డ్వేన్ మీద, ఊరి మీద, పెన్సిలు దొర మీద అరిచిందంతా దీన్ని వాయిదా వెయ్యడానికేనని నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నువ్వు అంతే, నేను ఎక్కువ మాట్లాడితే అనుమానంగా చూసేవాడివి.

నాన్న తాగుబోతని నీకు చెప్పింది ఊరు కాదు, అమ్మ.

నీకు పద్నాలుగో పదిహేనో. ఇనుపరాయి ఓడ మీద పనికి పేరిచ్చి, ఎగురుకుంటూ ఇంటికొచ్చావు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను పిండి పిసుకుతున్నాను. "మీ నాన్న తాగి, దీపం గది మీద నుంచి పడి చచ్చాడు. తాగుబోతు కొడుకుని ఏ కెప్టెనూ ఓడెక్కించుకోడు" అంది నీ మొహం మీద. అంతకుముందు నీ దగ్గర ఆ మాట ఎవరన్నా అంటే తలుపు తెరిచి బయటికి పొమ్మనేది అమ్మే. నువ్వు తెల్లబోయి చూశావు. నా వైపు కూడా చూశావు. తర్వాత తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయావు.

నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఎందుకమ్మా అలా అన్నావు? తొడుగులు నువ్వే కదా వాసన చూశావు!" అంటే, ఆవిడ గిన్నె తిప్పడం ఆపలేదు. "వాడికి నాన్నంటే సిగ్గుంటే ఒడ్డున ఉంటాడు. గర్వముంటే నీళ్ళెక్కుతాడు. నాకు కొడుకు బతకాలి. వాడు ఓడెక్కే వయసు దాటేదాకా నోరెత్తితే నువ్వు నా కూతురివి కాదు" అంది. అంతే. పెన్సిలు దొర ముందు తల వంచని మనిషి, నిన్ను బతికించుకోవడానికి వాడి అబద్ధాన్నే తెచ్చి నీ చేతిలో పెట్టింది.

తల్లి మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది. ఆవిడ అనుకున్నది సాధించింది కూడా. నువ్వు ఓడెక్కలేదు, మందు ముట్టలేదు, సరస్సు మొహం చూడలేదు. నీళ్ళే లేని దేశానికి పోయి, నిలబడితే తల బయటుండే ఈతకొలనులు తవ్వి బతికావు. బంగారంలా బతికావు, కాదనను. కానీ ఓడెక్కే వయసు దాటాక నీకు చెబుదామని నేను ఎన్నిసార్లు నోరు తెరవలేదు? నాన్న అనగానే కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయేవాడివి. నీ కొడుక్కి మామగారి పేరు పెట్టుకున్నావు. అమ్మని పూడ్చినరోజు, పక్కనే ఉన్న నాన్న సమాధికి వీపు పెట్టి నిలబడ్డావు. అది చూసి నాకు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. అది నీ తప్పు కాదని తెలిసి, ఇంకా కోపం వచ్చింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకే నేను ఇంత గయ్యాళినయ్యానేమో. ఎడ్నా కాదంటుంది, పుట్టుకతోనే గయ్యాళినట.

నీకింకో సంగతి తెలియాలి. ఆ ఏడు వేసవిలో సెలవుకొచ్చినప్పుడు నాన్న అమ్మ కడుపు మీద చెయ్యి వేసి, "వీడు ఐవర్" అన్నాడు. ఆడపిల్లయితే అని నేనడిగాను. "ఆడపిల్ల నాకుందిగా" అన్నాడు. నీ పేరు అమ్మ పెట్టిందని కదా అనుకుంటున్నావు? ఆయన పెట్టిందే. అది కూడా నీకు చెప్పలేదు అమ్మ.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్నటి యాత్ర వల్ల. ఒహాయో లారీ డ్రైవరొకడు వచ్చాడు. ఎండకి కమిలిన మెడ, చేతిలో పాప్‌కార్న్. నేను కథ ముగించాక చెయ్యెత్తాడు.

"మామ్మగారూ, అప్పుడు మీ అమ్మగారి కడుపులో ఉన్న పిల్లాడేమయ్యాడండీ?"

"వాడికేం, దిట్టంగా ఉన్నాడు. ఎడారిలో ఈతకొలనులు తవ్వుతాడు" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

"మరి ఆయనకి తెలుసాండీ? వాళ్ళ నాన్న ఎలా పోయాడో?"

మైకు నా చేతిలోనే ఉంది. పడవ నిండా మనుషులు నా నోటి వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అని దాటేద్దామనుకున్నాను, ఇన్నేళ్ళూ దాటేసిందాన్నే కదా. ఈసారి దాటెయ్యలేదు. "తెలియదు" అన్నాను. అతను పాప్‌కార్న్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు.

ఇప్పుడు నీకు తెలుసు, ఐవర్. కోప్పడాలనుంటే కోప్పడు. అమ్మ మీద, నా మీద, ఎవరి మీదైనా సరే. ఫోను పెట్టెయ్యి, ఉత్తరం చింపెయ్యి, నేనేమీ అనను. నాన్న మీద మాత్రం వద్దు. వచ్చే శనివారం ఎవరైనా చెయ్యెత్తి ఆ మాట అడిగితే, తెలుసు అని చెప్తాను.

ఇట్లు,
తోర్‌స్టైన్ బ్రెక్కె కూతురు,
నీ అక్క,
రాగ్న.